కాలేయం చాటున

వైద్య కళాశాల హాస్టల్, మూడో అంతస్తు
జనవరి 9

వదినకు,

ఫోన్ చేస్తే అన్నయ్య లాక్కుని తన బస్సు కబుర్లు మొదలుపెడతాడు. నీ గొంతు వినబడేలోపు నాకు వార్డు నుంచి పిలుపొస్తుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

నాకు థీసిస్ అంశం ఇచ్చారు. నాతో పాటు సర్జరీ చదివేవాళ్ళలో ఒకరికి కాలేయం దక్కింది, ఒకరికి ప్లీహం, ఇంకొకరికి పేగులు. నాకు అడ్రినల్ గ్రంథి. నీకు తెలిసిందే అయినా, అన్నయ్య ఈ ఉత్తరం చాటుగా ఎలాగూ చదువుతాడు కాబట్టి అతనికోసం చెప్తున్నాను. అది కిడ్నీ నెత్తిన టోపీలా కూర్చుంటుంది, బొటనవేలి చివరంత ఉంటుంది. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. ఒంట్లో బీపీ నిలబడాలన్నా, పెద్ద దెబ్బను మనిషి తట్టుకోవాలన్నా వాటిలో ఊరే రసాలు కావాలి. కారు గుద్దో, ఎత్తు నుంచి పడో, పైకి కోత గాయం లేకుండానే లోపల దెబ్బతిన్న పెద్దవాళ్ళలో ఆ గ్రంథికి ఏమవుతుందో నేను చూడాలి.

పదేళ్ళ రిపోర్టులు తిరగేశాను. దుమ్ముకి తుమ్మి తుమ్మి తల ప్రాణం తోకకొచ్చింది. దొరికింది తొమ్మిది మంది. మా గైడును ఇక్కడ అందరూ పెద్దాయన అంటారు. ఆయన కళ్ళజోడు తీసి, ముప్ఫై మందైనా లేకపోతే అది థీసిస్ కాదు, ఏప్రిల్‌లోగా దొరక్కపోతే అంశం మార్చుకోమన్నారు. మార్చుకుంటే ఏడాది పోయినట్టే. క్యాంటీన్‌లో నన్ను అప్పుడే 'టోపీ డాక్టరమ్మ' అంటున్నారు.

నువ్వు పద్నాలుగేళ్ళుగా సీటీ స్కాన్ తీస్తున్నావు కదా. ఇది నిజంగా అంత అరుదా?

నీ ఆడపడుచు,
పిట్ట

*

స్కాన్ గది
జనవరి 20

పిట్టకి,

మీ అన్నయ్య చాటుగా కాదు, బాహాటంగానే చదివారు. చదివి, మా చెల్లెలికి శరీరంలో అన్నిటికన్నా చిన్న ముక్క అంటగట్టారా అని ఒక పూటంతా మొహం మాడ్చుకుని తిరిగారు. నువ్వు డాక్టరువని ఆయన నడిపే బస్సు ఎక్కేవాళ్ళందరికీ ముందే తెలుసు. ఇప్పుడు నీ గ్రంథి సంగతి కూడా తెలిసిపోయింది.

ఇక నువ్వు అడిగిన దానికి వస్తాను. నువ్వు వెతికింది రిపోర్టులనా, బొమ్మలనా? రిపోర్టుల్లోనైతే తొమ్మిది దొరకడమే ఎక్కువ. కాలేయం పగిలి, నాలుగు పక్కటెముకలు విరిగి వచ్చిన మనిషి స్కాన్‌లో బొటనవేలంత గ్రంథిని ఎవరు చూస్తారు? ప్రాణం తీసేదాన్ని ముందు చూస్తారు, అది సహజమే. ఆ తరవాత మళ్ళీ వెనక్కి వచ్చి చూసే తీరిక ఎవరికీ ఉండదు.

బొమ్మలు తెరిపించు. కుడివైపు మొదలుపెట్టు. అక్కడ గ్రంథి కాలేయానికీ వెన్నెముకకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది, ముందు నుంచి గుద్దు తగిలితే ఆ రెండింటి మధ్యా నలుగుతుంది. సన్నగా, తిరగేసిన వై అక్షరంలా ఉండాల్సింది కోడిగుడ్డులా ఉబ్బి కనబడుతుంది. చుట్టూ ఉన్న కొవ్వు చెదిరి, మసకగా గీతలు గీతలుగా ఉంటుంది. ఒకసారి కంటికి అలవాటైతే ఇక దాక్కోలేదు.

ఇంత వివరంగా నీకెలా తెలుసని మాత్రం అడగకు. వేళకి తిను.

నీ వదిన

*

స్కాన్ విభాగం, గోడపక్క కంప్యూటరు
మార్చి 2

వదినా,

నువ్వు చెప్పినట్టే చేశాను. దెబ్బలతో వచ్చిన పెద్దవాళ్ళ పొట్ట స్కాన్లు పదకొండు వందల నలభై ఉన్నాయి. వాటిని చదవడం నా ఒక్కదానివల్లా కాదు కాబట్టి ఇక్కడి స్కాన్ డాక్టరుగారిని బతిమాలాను. మాటలు తక్కువ మనిషి, పని మాత్రం మహా నిదానం. ఒక్కో బొమ్మనీ పైనుంచి కిందికి, కిందినుంచి పైకి రెండుసార్లు జరిపి చూస్తారు. రోజూ మధ్యాహ్నం రెండు గంటలు ఆయన పక్కన కూర్చుని చూస్తుంటే నా కళ్ళు కాయలు కాశాయి.

తొమ్మిది కాస్తా ఇరవై ఆరు అయింది.

పెద్దాయనకి పట్టిక చూపించాను. బొమ్మలు చూడమని ఎవరు చెప్పారని అడిగారు. మా వదిన అన్నాను. "ఆవిడ ఎక్కడ డాక్టరు?" అన్నారు. డాక్టరు కాదు సార్, స్కాన్ తీస్తుంది అన్నాను. ఆ మాట అంటుంటే నా మెడ కొంచెం నిక్కిందనే చెప్పాలి.

కానీ ఇరవై ఆరు ముప్ఫై కాదు. ఇంకో ఆసుపత్రి కలిస్తే బాగుంటుందని ఆయనే అన్నారు. మీ ఆసుపత్రి కలవగలదా? అడగకు అన్నావు గానీ, అడగక తప్పడం లేదు. కోడిగుడ్డులా ఉంటుందని నీకెలా తెలుసు వదినా? మా ఇరవై ఆరింటిలో పంతొమ్మిది అచ్చంగా అలాగే ఉన్నాయి.

పిట్ట

*

స్కాన్ గది
మార్చి 15

పిట్టకి,

నీ ఉత్తరం నాలుగు రోజులు సంచిలోనే పెట్టుకు తిరిగాను. మీ అన్నయ్యకి చూపించలేదు. ఇది కూడా ఆయన చూడకుండా పోస్టు చేస్తున్నాను.

ఆరేళ్ళ కిందట ఒకాయన్ని తీసుకొచ్చారు. గోదాములకి పైకప్పు రేకులు బిగించే మేస్త్రి. కాలు జారి నడుము మీద పడ్డాడు. స్కాన్ బల్ల మీద పడుకోబెడుతుంటే, చేతి గడియారం తియ్యొద్దు, మా అమ్మాయి పెట్టింది అన్నాడు. పొట్ట స్కానే కదా అని ఉండనిచ్చాను. బొమ్మలు వస్తుంటే నేను తెర మీద చూస్తున్నాను. కుడి గ్రంథి ఉబ్బి ఉంది. ఎడమదీ ఉబ్బి ఉంది. అంతకు ముందు ఒకవైపుది చూశాను గానీ రెండూ ఒకేసారి చూడటం అదే మొదలు. రిపోర్టు రాసే డ్యూటీ డాక్టరు అప్పుడే కొత్తగా వచ్చిన కుర్రాయన. ఆయన దగ్గరికెళ్ళి, డాక్టర్, కిడ్నీల పైన ఒకసారి చూడండి అన్నాను. తల తిప్పకుండానే జవాబిచ్చారు. "తియ్యడం మీ పని, చదవడం నా పని."

రిపోర్టులో కాలేయం ఉంది, పక్కటెముకలు ఉన్నాయి. గ్రంథుల మాట లేదు. మూడో రోజు నుంచి మేస్త్రి బీపీ జారడం మొదలైంది. రక్తం ఎక్కించారు, సెలైన్లు ఎక్కించారు, నిలబడలేదు. అయిదో రోజు పోయాడు. దానివల్లే పోయాడని ఎవరూ చెప్పలేరు. నేనూ చెప్పను. కాలేయమూ బాగా దెబ్బతింది. కానీ ఆ రసాలకి బదులు ఇచ్చే ఇంజెక్షన్ ఒకటుందని తరవాత పుస్తకంలో చదివాను. ఎవరైనా అనుమానించి ఉంటే ఇచ్చి చూసేవాళ్ళు కదా.

ఆ వారమే ఒక నోటుపుస్తకం మొదలుపెట్టాను. పేర్లు రాయను. స్కాన్ నంబరు, తేదీ, కుడా ఎడమా, నాకు కనబడింది ఏమిటి, అంతే. ఇప్పటికి అరవై మూడు ఉన్నాయి. మళ్ళీ ఎవరికీ చెప్పలేదు. చెప్పలేదన్నదే నన్ను తినేస్తోంది, పిట్టా. ఒక్క మాటకి నోరు కట్టేసుకున్నాను.

పుస్తకం అడక్కు. అది బయటికొస్తే ఇంతమంది డాక్టర్ల తప్పులు ఒక టెక్నీషియన్ దాచిపెట్టుకుందంటారు. ఈ గది పోతే నాకింకేం చేతకాదు.

నీ వదిన

*

హాస్టల్
మార్చి 24

వదినా,

మొదట నీమీద ఒళ్ళు మండింది. ఆరేళ్ళూ మన ఇంట్లో భోజనాల బల్ల దగ్గర నా చదువు గురించి గంటలు గంటలు విన్నావే, ఒక్కసారైనా నాకు చెప్పాలనిపించలేదా అని. తరవాత నా మీద నాకే మండింది. ఈ రోజు నీ పని ఎలా ఉందని నేను ఎప్పుడు అడిగాను గనక.

నువ్వు వద్దన్నా సరే, పెద్దాయనకి పుస్తకం సంగతి చెప్పాను. తిట్టు, పడతాను. ఆయనన్నది యథాతథంగా రాస్తున్నాను. "అది సాక్ష్యం కాదు, నేరారోపణా కాదు. అది దారి చూపే పటం. దాన్ని పక్కన పెట్టి, ఆ ఆసుపత్రి స్కాన్లన్నీ మనం మొదటి నుంచి చదువుదాం. చదివేవాళ్ళకి పుస్తకం చూపించం. చివర్లో తెరిచి పోలుద్దాం."

అంటే ఇద్దరు స్కాన్ డాక్టర్లు విడివిడిగా చూస్తారు. ఎవరు పొరబడ్డారో వెతకడం మా పని కాదు. ఎన్ని జరుగుతున్నాయి, ఎన్ని కంటపడటం లేదు అన్నదే. ఎథిక్స్ కమిటీ అనుమతి ఉంటుంది, రోగుల పేర్లు ఉండవు, డాక్టర్ల పేర్లూ ఉండవు. కానీ మీ సూపరింటెండెంటుగారి సంతకం కావాలి. ఆ సంతకం మేము తెప్పించుకుంటే మీ ఆసుపత్రి మా మాట విన్నట్టు. నువ్వు వెళ్ళి అడిగితే నీ మాట విన్నట్టు. నిర్ణయం నీది. వద్దంటే ఇరవై ఆరుతోనే తంటాలు పడతాను, నీమీద ఆవగింజంత కోపం కూడా పెట్టుకోను.

పిట్ట

*

ఇల్లు, వంటగది గట్టు
ఏప్రిల్ 6

పిట్టకి,

నిన్ను తిట్టాలనే కూర్చున్నాను. సగం తిట్టాక ఆ కాగితం చించేసి ఇది మొదలుపెట్టాను.

ముందు మీ అన్నయ్యకి చెప్పాను. పుస్తకం చేతిలో పెట్టాను. ఆరేళ్ళుగా అది నా దిండు పక్కనే చూస్తున్నారు కదా, పాటలు రాసుకుంటున్నాననుకున్నారట. అందుకే సిగ్గుపడతానని అడగలేదట. పేజీలు తిప్పి తిప్పి, ఇందులో నాకొక్క ముక్క అర్థం కాలేదు గానీ కొట్టివేత ఒక్కటి కూడా లేదే అన్నారు. తరవాత తన షర్టు తనే ఇస్త్రీ చేసుకుని, నన్ను సూపరింటెండెంటుగారి గది గుమ్మం దాకా దింపారు. లోపలికొస్తానంటే వద్దన్నాను.

ఆయన గదిలో నిలబడి మాట్లాడటం నాకిదే మొదలు. ఇంతవరకూ సెలవు చీటీలు గుమస్తా చేతికే ఇచ్చేదాన్ని. పుస్తకం బల్ల మీద పెట్టి, మీ కళాశాల పంపిన అనుమతి కాగితం పక్కన పెట్టి, ఏమిటో చెప్పాను. ఆయన చాలాసేపు చదివారు. ఆరేళ్ళుగా ఎందుకు చెప్పలేదని అడిగారు.

"చెప్పాను సార్, మొదటి రోజే చెప్పాను. రెండోసారి చెప్పనందుకే సిగ్గుపడుతున్నాను."

ఆయన తలెత్తి నావైపు చూశారు. కూర్చోమన్నారు. నాకు నీళ్ళు తెప్పించి, ఆ రోజు ఏం జరిగిందో అడిగి మొత్తం విన్నారు. నా ఉద్యోగం మాట నేను ఎత్తకముందే, దాని జోలికి ఎవరూ రారు, ఆ పూచీ నాది అన్నారు. అప్పుడు సంతకం పెట్టారు. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పుస్తకం మధ్యలో దాచుకున్నాను.

ఆ కాగితం ఈ ఉత్తరంతోనే ఉంది, పుస్తకం విడిగా కట్టకట్టి పంపుతున్నాను. చివరి వరకూ తెరవం అన్నారు కదా, తెరవకండి. పొరపాట్లు ఉంటే దాచకుండా రాయి.

నీ వదిన

*

స్కాన్ విభాగం
సెప్టెంబరు 18

వదినా,

ఇన్నాళ్ళు ఉత్తరం లేదని నువ్వు కంగారు పడ్డావని అన్నయ్య ఫోన్లో అన్నాడు. ఫలితం వచ్చి పది రోజులైంది. మూడుసార్లు రాయబోయి ఆగిపోయాను. ఎందుకో కింద చెప్తాను. ముందు నీది.

మీ ఆసుపత్రి స్కాన్లు రెండు వేల ఆరు వందలు. నీ అరవై మూడింటిలో ఆరుగురు పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళు, మా అధ్యయనంలోకి రారు. మిగిలిన యాభై ఏడింటిలో ఇద్దరు డాక్టర్లూ యాభై రెండు ఒప్పుకున్నారు. అయిదు కావన్నారు. వాటిలో రెండు పాత గడ్డలు, దెబ్బకి సంబంధం లేనివి. తరవాతి స్కాన్లలో కూడా చిన్నవి కాకుండా అలాగే ఉన్నాయి, రక్తం గడ్డయితే కరిగిపోయేది. నీ కంటికి తప్పినవి నాలుగు. దాచకుండా రాయమన్నావు కాబట్టి రాశాను. ఆ లెక్క పక్కన ఇంకోటి కూడా రాస్తున్నాను. యాభై రెండూ నాలుగూ కలిపి వచ్చిన యాభై ఆరింటిలో అప్పటి రిపోర్టుల్లో ఉన్నవి పద్నాలుగే. మిగతావాటిలో ముప్ఫై తొమ్మిది నీ పుస్తకంలో తప్ప ఈ లోకంలో ఎక్కడా లేవు.

రెండు ఆసుపత్రులవీ కలిపి ఎనభై రెండు. పెద్దాయన గదిలో ఆ అంకె చెప్పగానే అందరూ నోరెళ్ళబెట్టారు. అరవై ఒకటి కుడివైపువే, నువ్వు జనవరిలో చెప్పినట్టు.

ఇక రెండోది. పుస్తకం తెరిచిన రోజు మొదటి పేజీలో మొదటి నంబరు మేస్త్రిది. మా స్కాన్ డాక్టరుగారు తను చదివిన కాగితం తీశారు. పేరు లేని ఆ స్కాన్ ఎవరిదో తెలియకుండానే, రెండు గ్రంథుల్లోనూ రక్తం ఉందని వేసవిలోనే రాసిపెట్టారు. పక్కనే పాత రిపోర్టు ఉంది. దాన్ని ఆయన చాలాసేపు చూశారు. తరవాత అందరి ముందూ లేచి నిలబడ్డారు.

"ఈ సంతకం నాది. ఆ రోజు ఒకావిడ వచ్చి నాకు చెప్పింది కూడా."

వదినా, ఆయన మీ ఆసుపత్రి నుంచే ఇక్కడికొచ్చారు. ఇన్ని నెలలు ఆయన పక్కన కూర్చున్నాను, నాకు తెలియదు. ఆవిడ నువ్వేనని ఆయనకీ తెలియదు. డాక్టర్ల పేర్లు పట్టికలో ఉండవని పెద్దాయన అంటే, పేరు లేకపోతే పోనివ్వండి, ఆ కేసు మాత్రం వదలొద్దని పట్టుబట్టారు. నీకు ఒక చీటీ ఇచ్చారు. అంటించి ఇచ్చారు, నేను చదవలేదు. చదవాలా వద్దా అన్నది నీ ఇష్టం.

ఇంకొకటి. పత్రికకి పంపే వ్యాసంలో రచయితల వరుసలో మూడో పేరు నీది. నేను అడగలేదు, పెద్దాయనే రాశారు. పేరు కింద హోదా ఏమని వెయ్యాలో నిన్ను అడగమన్నారు.

పిట్ట

*

(పై ఉత్తరంతో పాటు)

అమ్మా, నమస్కారం.

ఆ రోజు మీరు నా కుర్చీ పక్కన నిలబడి మూడు సెకన్లు అడిగారు. నేనివ్వలేదు. పని ఒత్తిడి అని రాయవచ్చు, నిజం కాదు. ఒక టెక్నీషియన్ చెప్తే చూడటమా అనుకున్నాను. తరవాతి ఏళ్ళలో ప్రతి బొమ్మా రెండుసార్లు చూడటం అలవాటు చేసుకున్నాను. ఎందుకు చేసుకున్నానో నన్ను నేను అడగలేదు. ఇప్పుడు తెలిసింది. క్షమించమని అడిగే అర్హత ఉందో లేదో తెలియదు. మీరు సరిగ్గా చూశారని మాత్రం నా చేతి రాతతో మీ దగ్గర ఉండాలనిపించింది.

*

స్కాన్ గది
సెప్టెంబరు 29

పిట్టకి,

చీటీ చదివాను. మీ అన్నయ్య కూడా చదివారు. అప్పటికప్పుడు బస్సెక్కి వచ్చి ఆయనతో రెండు మాటలు మాట్లాడతానని చిందులేశారు. నేనే ఆపాను. నాకు కోపం రాలేదంటే నువ్వు నమ్మవు. వచ్చింది, అయితే నేననుకున్నంత రాలేదు. ఇన్నేళ్ళూ నా మనసులో ఆయన తల తిప్పని మనిషి. తన సంతకం ముందు తనే లేచి నిలబడే మనిషి కూడా ఆయనలో ఉన్నాడని నాకు తెలియదు కదా.

ఆయనకి ఇలా చెప్పు. పర్వాలేదు అని నేననను. ఆ మాట అనాల్సింది మేస్త్రి, అతని కూతురు. నా తరఫున మాత్రం ఏ బాకీ లేదు. అన్ని వేల స్కాన్లు పుస్తకం చూడకుండా చదివి, తనకి వ్యతిరేకమైనదాన్ని తనే తేల్చిన కళ్ళంటే నాకు గౌరవమే.

హోదా అడిగావు. సీటీ టెక్నీషియన్ అనే వెయ్యి. పక్కన ఇంకేమీ చేర్చకు, గౌరవ పరిశోధకురాలు లాంటివి అసలొద్దు. పద్నాలుగేళ్ళు నేను చేసింది ఆ పనే, చూసింది ఆ కళ్ళతోనే.

నాకు తప్పిన నాలుగింటి నంబర్లు పంపు. నేను చూడాలి.

నీ వదిన

*

హాస్టల్
నవంబరు 3

వదినా,

థీసిస్ ఇచ్చేశాను. మౌఖిక పరీక్ష నిన్న అయింది. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు గంటసేపు నన్ను గుచ్చి గుచ్చి అడిగాడు. ఈ గాయం ఉన్నవాళ్ళలో చాలామందికి మందే అక్కర్లేదు, తనంతట తనే మానుతుంది కదా, మరి ఇంత శ్రమ ఎందుకన్నాడు. రెండు సంగతులు చెప్పాను. ఈ గ్రంథి నలిగిందంటే గుద్దు ఎంత గట్టిదో తెలుస్తుంది, మిగతా ఒంట్లో ఇంకేముందో మళ్ళీ వెతకాలి. రెండోది, ఎనభై రెండు మందిలో ఏడుగురికి రెండు వైపులా ఉంది, వాళ్ళని ముందే గుర్తిస్తే కాపాడుకోవచ్చు. సరేనని తలూపాడు. రెండో ఆసుపత్రిలో ఇన్ని కేసులు ఎలా పట్టుకున్నారని అడిగాడు. చెప్పాను. మా స్కాన్ డాక్టరుగారు వెనక వరుసలో కూర్చుని ఉన్నారు. తల వంచుకోకుండా విన్నారు.

నేను గెలిచాను వదినా. మొదటిసారి, ఇంట్లో ఎవరికి ముందు చెప్పాలా అని ఆలోచించకుండా నీకే రాస్తున్నాను. అన్నయ్యకి నువ్వు చెప్పు.

పిట్ట

*

స్కాన్ గది
డిసెంబరు 12

డాక్టరమ్మకి,

మీ అన్నయ్యకి చెప్పాను. ఆ రోజు బస్సు రెండు స్టాపుల్లో ఆపడం మర్చిపోయారట. దిగాల్సినవాళ్ళు తిట్టుకుంటుంటే, మా చెల్లెలు పాసైంది, అందులో మా ఆవిడ పేరు కూడా ఉంది, కాస్త వెనక్కి నడవండి అన్నారట. ఫిర్యాదు వచ్చింది. దాన్ని కూడా గర్వంగా తెచ్చి చూపించారు.

ఇక్కడి సంగతులు చెప్తాను. మా స్కాన్ కాగితం కింద సూపరింటెండెంటుగారు కొత్తగా ఒక గడి వేయించారు. టెక్నీషియన్ గమనిక అని. ఏదైనా కనబడితే అందులో రాయాలి, డాక్టరు చూసి పక్కన సంతకం పెట్టాలి. మొదటి వారం అందరం ఆ గడి ఖాళీగానే వదిలేశాం, చెయ్యి రాక.

పోయిన నెలాఖరున ఒకావిడని తీసుకొచ్చారు. రొట్టెల వ్యాను నడుపుతుంది. ఎదురుగా వచ్చిన లారీ గుద్దితే స్టీరింగుకీ సీటుకీ మధ్య నలిగింది. పైకి ఒక్క గాయం లేదు, పొట్ట మీద ఎర్రటి చార తప్ప. బొమ్మలు వస్తున్నాయి. కుడివైపు ఉబ్బింది. నేను ఎడమవైపు చూడటానికి భయపడ్డాను పిట్టా, నిజంగా భయపడ్డాను. చూశాను. అదీ ఉబ్బి ఉంది.

గడిలో రాశాను. రాసి అక్కడితో వదల్లేదు, కాగితం పట్టుకుని డ్యూటీ డాక్టరు దగ్గరికి నడిచాను. డాక్టర్, కిడ్నీల పైన రెండు వైపులా చూడండి, ఇప్పుడే చూడండి అన్నాను. ఆయన నాకో కుర్చీ లాగి, ఎక్కడో చూపించమన్నారు. చూపించాను. రిపోర్టులో మొదటి వాక్యంగా రాశారు.

మూడో రోజు పొద్దున ఆవిడ బీపీ జారింది. సెలైన్‌కి నిలబడలేదు. ఒంట్లో ఉప్పు కూడా తగ్గింది. ఐసీయూ డాక్టరు రిపోర్టు తీసి, ఆ మొదటి వాక్యం చూసి, రక్తపరీక్షకి పంపిస్తూనే ఫలితం కోసం ఆగకుండా హైడ్రోకార్టిసోన్, అదే అప్పుడు నేను పుస్తకంలో చదివిన ఇంజెక్షన్, ఇచ్చారు. సాయంత్రానికి బీపీ నిలబడింది. నేను ఆ రోజు మూడుసార్లు ఏదో వంకతో ఐసీయూ ముందు నుంచి నడిచాను. ఏడో రోజుకి ఆవిడ లేచి కూర్చుని, వ్యాను తాళాలు ఎవరి దగ్గరున్నాయని నర్సులని నిలదీసిందట.

ఇవాళ డిశ్చార్జి. మాత్రలు ఇంకా చాలాకాలం వాడాలి, మళ్ళీ స్కానుకి రావాలి. వెళ్తూ వెళ్తూ గోడ పట్టుకుని నెమ్మదిగా మా గదికి వచ్చింది. నేను బల్ల మీద దుప్పటి మారుస్తున్నాను. లోపల ఏముందో ముందు చూసింది మీరేనట కదా అని అడిగింది.

ఇలాంటప్పుడు అనడానికి మా అందరికీ ఒక మాట అలవాటు. డాక్టరుగారు చూశారమ్మా, మేం తీస్తామంతే అంటాం. నోటి దాకా వచ్చింది. మింగేసి, దుప్పటి కింద పెట్టి, ఆవిడ కళ్ళలోకి చూశాను.

"అవునమ్మా. నేనే చూశాను."

నీ వదిన